మందులు ఆపేశాక పిల్లాడి మనసుని ఎలా చూసుకోవాలి

గత నెల మా ల్యాబ్‌కి ఒకావిడ, కేన్సర్ వైద్యం అయిపోయిన తొమ్మిదేళ్ళ కొడుకుని తీసుకొచ్చింది. సీబీసీ (రక్తంలో కణాల లెక్క చూసే పరీక్ష) రాసిన చీటీ నా చేతికిచ్చి, బాబుకి వినపడకుండా పక్కకి పిలిచింది.

"మందులు ఆపేసి మూడు నెల్లైపోనాదమ్మా. డాక్టరు గారు అంతా బాగుందనే అన్నారు. మరి ఈ గుంటడు నవ్వడం మానేసినాడు. సెలైను ఎక్కించినప్పుడే నయం, అప్పుడైనా మాటాడీవోడు. ఏటి సెయ్యాలో తెలట్లేదు."

నేను శ్రీకాకుళంలో ఒక ల్యాబ్‌లో రక్తాలు తీస్తాను. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. నా సంగతి ఆవిడకి ఎవరో చెప్పారట. 2009లో, నా పదకొండో ఏట, నాకు రక్త కేన్సర్ వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకమే, ఏఎల్ఎల్ అంటారు. రెండున్నరేళ్ళు విశాఖ ఆసుపత్రికి తిరిగాం. ఆరోగ్యశ్రీ ఉండబట్టి పొలం మిగిలింది, గేదెలు మాత్రం మిగల్లేదు. 2012 జనవరిలో ఆఖరి మాత్ర వేసుకున్నాను. ఇప్పుడు నాకు ఇరవై ఎనిమిది.

ల్యాబ్‌లో వెనక పది మంది నిలబడి ఉంటే ఎంతని మాట్లాడతాం? ఆవిడకి ఆ రోజు సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మందుల సంగతి, ఒంటి సంగతి మీ డాక్టర్నే అడగండి. ఇది ఆ మంచం మీద పడుకుని లేచిన మనిషి చెప్పే మాట, అంతే.

ముందు, ఎవరు ఏం దాస్తున్నారో చూసుకోండి

ఆఖరి మాత్ర రోజున మా ఇంట్లో పరమాన్నం వండారు. పెద్దమ్మ వాళ్ళు, మావయ్య వాళ్ళు అందరూ వచ్చారు. నేను పరమాన్నం గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయి, గడ్డిమేటు వెనక కూర్చుని ఏడ్చాను. ఎందుకో చెబితే అప్పుడు ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇన్నాళ్ళూ ఆ మాత్రలే నన్ను కాపలా కాశాయి కదా, రేపట్నుంచి ఎవరు కాస్తారు? ఆ ఒక్క మాటే బుర్రలో తిరిగింది. అమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి మొహం తుడుచుకుని, "కారం తగిలింది" అన్నాను. పరమాన్నంలో కారమేమిటని అమ్మ అడగలేదు. అడిగితే తనూ ఏడవాలి.

వైద్యం నడుస్తున్నంతకాలం మనసుకి తీరిక ఉండదు. రాత్రి మాత్ర, వారానికోసారి వేసుకునే మాత్రలు, నెలకోసారి సూది, కౌంట్ ఎంత, ప్లేట్‌లెట్లు ఎంత, రైలు ఎన్నింటికి. రోజూ ఏదో ఒక పని. అది ఒక్కసారిగా ఆగిపోయేసరికి, ఇన్నాళ్ళూ గుమ్మం బయట నిలబడ్డ భయం తీరిగ్గా లోపలికొచ్చి కూర్చుంటుంది. అందుకే చాలామంది పిల్లలు వైద్యంలో బాగానే ఉండి, అయిపోయాక కుంగుతారు. పెద్దవాళ్ళూ అంతే. మీ అబ్బాయి వింతగా ఏమీ లేడు. ఆవిడకి నేను చెప్పిన మొదటి మాట ఇదే.

ఇంకో సంగతి. మా ఇంట్లో అమ్మ తన భయం నాకు తెలియకుండా దాచింది. నేను అమ్మకి తెలియకుండా దాచాను. నాన్న మా ఇద్దరికీ తెలియకుండా కళ్ళంలోకి పోయి కూర్చునేవాడు. ఎదుటివాళ్ళ మీద ప్రేమతోనే ముగ్గురం ఈ పని చేశాం. దానివల్ల ఎవరికి వాళ్ళం ఒంటరిగా మిగిలాం. మీ ఇంట్లో కూడా ఇదే జరుగుతూ ఉంటుంది, చూసుకోండి.

కాబట్టి "అంతా అయిపోయింది, ఇంక మర్చిపో" అనకండి. ఆ మాట వింటే పిల్లాడికి వినిపించేది "ఇంక దాని గురించి నాతో మాట్లాడకు" అనే. దాని బదులు ముందు మీ సంగతి మీరు చెప్పండి. "మందులు ఆపేశాక నాకు కొంచెం బెంగగా ఉందిరా. నీకెలా ఉంది?" అంతే. ఎదురుగా కూర్చోబెట్టి, భుజాల మీద చేతులేసి అడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది. చిక్కుళ్ళు ఒలుస్తూ, బండి మీద వెళ్తూ, ఇద్దరి చూపూ వేరే దాని మీద ఉన్నప్పుడు అడగండి. నాతో నాన్న మొదటిసారి ఈ మాటలు మాట్లాడింది కాలవలో గేదెని కడుగుతున్నప్పుడు. ఆ గేదె కూడా మాది కాదు, పక్కింటివాళ్ళది.

వాడు జవాబు చెప్పకపోతే వదిలేయండి. వారం తర్వాత ఏ అర్ధరాత్రో మంచినీళ్ళకి లేచి చెబుతాడు.

జబ్బు పేరు కూడా దాచొద్దు. మా ఇంట్లో "ఆ పెద్ద జబ్బు" అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. అసలు పేరు నేను రైల్లో అమ్మ నిద్రపోతుంటే ఫైలు తెరిచి చదివాను. తెలిసిపోయిందని చెప్పకుండా ఒక ఏడాది నడిపాను. పదకొండేళ్ళ పిల్లకి అదెంత బరువో నాకిప్పుడు తెలుస్తోంది. తొమ్మిదేళ్ళ వాడికి తొమ్మిదేళ్ళ వాడికి తగ్గట్టు చెప్పండి: "నీ రక్తంలో కొన్ని కణాలు చెడిపోయి పెరిగిపోయాయి. దాన్ని కేన్సర్ అంటారు. మందులు వాటిని చంపాయి. మళ్ళీ రాలేదని చూసుకోడానికే అప్పుడప్పుడు రక్తం తీస్తారు. నువ్వు ఏదో చేసినందుకు రాలేదు." ఆ ఆఖరి మాట మర్చిపోకండి. నేను మట్టి తిన్నందుకు వచ్చిందని చాలాకాలం అనుకున్నాను.

చెకప్ రోజు

ఆమదాలవలసలో పాసింజరెక్కితే దూసి, పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, విజయనగరం. అక్కడిదాకా నేను బాగానే ఉండేదాన్ని. తర్వాత కోరుకొండ, అలమండ, కంటకాపల్లి. కొత్తవలస వచ్చేసరికి నోట్లో ఇనప రుచి వచ్చి వాంతి అయ్యేది. ఇంకా ఎవరూ సూది వెయ్యలేదు, సెలైను పెట్టలేదు. స్టేషన్ బోర్డు చూడ్డమే. నాటకాలాడుతున్నాననుకునేవారు రైల్లో వాళ్ళు. అది నాటకం కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కీమో తీసుకున్నవాళ్ళలో చాలామందికి ఆ దారి, ఆ వాసన, ఆ రంగు చూస్తేనే ఒళ్ళు ముందే గుర్తుపట్టి వాంతి తెచ్చుకుంటుంది. వైద్యం అయిపోయాక కూడా కొందరికి కొన్నాళ్ళు ఉంటుంది. తిట్టినందువల్ల పోదు.

నాకు పనికొచ్చింది రెండు. ఒకటి, చేతిలో నిమ్మకాయ. విజయనగరం దాటాక గోటితో గిచ్చి వాసన చూసుకుంటూ ఉండాలి. ఆసుపత్రి వాసన ముక్కుకి గుర్తొచ్చేలోపు దీన్ని పెట్టడం. రెండోది, స్టేషన్ల పేర్లు వెనక నుంచి చెప్పుకోవడం. విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి... ఇంటివైపు నడుస్తున్నట్టు. ముందు నుంచి అయితే నోరు దానంతట అదే చెప్పేస్తుంది, మనసు భయపడుతూనే ఉంటుంది. వెనక నుంచి అయితే ఆలోచించాలి, ఆ కాసేపూ భయానికి చోటుండదు. సూది గుచ్చేటప్పుడు కూడా ఇదే చేసేదాన్ని. మీ వాడికి స్టేషన్లు రాకపోతే క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు, ఎక్కాలు, వాడికి ఏది ఇష్టమైతే అది.

ఇప్పుడు సూదికి ఇవతలి వైపు నుంచి చెబుతాను. రోజుకి పదుల మందికి రక్తం తీస్తాను కాబట్టి ఇది నా సొంత విద్య.

"సూది లేదురా, ఊరికే చూసి పంపించేస్తారు" అని తీసుకురాకండి. ఒక్కసారి అలా మోసపోయిన పిల్లాడు ఆ తర్వాత బట్టల షాపుకి తీసుకెళ్ళినా నమ్మడు. "అస్సలు నొప్పుండదు" అని కూడా అనొద్దు. ఉంటుంది, చీమ కుట్టినంత, పది లెక్కపెట్టేలోపు పోతుంది అని చెప్పండి. చిన్నవాళ్ళకి వారం ముందే చెబితే వారమంతా నలుగుతారు. ముందు రోజు సాయంత్రం చాలు. సీబీసీకి పరగడుపు అక్కర్లేదు, కడుపు నిండా తినిపించి, నీళ్ళు బాగా తాగించి తీసుకురండి. నరం దొరుకుతుంది, కళ్ళు తిరగవు. ఏ చెయ్యి ఇవ్వాలో వాణ్ణే చెప్పమనండి. చూడాలో, మొహం తిప్పుకోవాలో కూడా వాడి ఇష్టం. జబ్బు చేసిన పిల్లాడి ఒంటి మీద అందరికీ హక్కుంటుంది, వాడికి తప్ప. ఈ చిన్న ఎంపికలు వాడికి ఎంత పెద్దవో బయటివాళ్ళకి తెలియదు. నలుగురు కలిసి అదిమిపట్టడం మాత్రం ఆపాలి. అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చాలు. గుచ్చే క్షణంలో ఊపిరి బిగబట్టకుండా, కొవ్వొత్తి ఆర్పుతున్నట్టు మెల్లిగా వదలమనండి. మరీ భయపడేవాళ్ళకి చర్మం మీద రాసే తిమ్మిరి క్రీము ఉంటుంది, గంట ముందు రాయాలి. డాక్టరుని అడగండి.

రిపోర్టు వచ్చేదాకా ఉండే ఆ రెండు మూడు గంటలు సూది కన్నా పాడు. ఆ టైముకి ముందే ఒక పని పెట్టుకోండి: ఫలానా హోటల్లో పూరీ, తర్వాత బీచ్. రిపోర్టు ఎవరు వింటారు, పిల్లాడికి ఎప్పుడు చెబుతారు అనేది కూడా ముందే మాట్లాడుకోండి. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి అమ్మానాన్న లోపలికి వెళ్ళేవారు. తలుపు తీసుకుని వచ్చేటప్పుడు అమ్మ కొంగు ఎక్కడుంది, నాన్న ముందు చూసేది నన్నా నేలనా అని చూసి కౌంట్ ఎంతో చెప్పేసేదాన్ని. ఆ చదువులో నాకు పీహెచ్‌డీ ఇవ్వొచ్చు. పిల్లాణ్ణి కూడా లోపల ఉండనివ్వండి, లేదా బయటికి రాగానే ముందు వాడికే చెప్పండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ వారంలోనే నా చెకప్. రైళ్ళు ఆగిపోయాయి. అరటి తోటలు పడిపోయి ఊరంతా ఏడుస్తుంటే, చెకప్ తప్పిందని నేను లోలోపల సంబరపడ్డాను. రెండు రోజులకే ఆ సంబరం తిరగబడింది. ఈ వారంలోనే అది తిరిగొచ్చి ఉంటే? తెలుసుకునే దారి కూడా లేదే? చెకప్ అంటే భయం, చెకప్ లేకపోతే అంతకన్నా భయం. ఈ రెండూ ఒకే పిల్లలో ఉంటాయి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, నవ్వకండి చాలు.

జ్వరం, కమిలిన మచ్చ, కనురెప్ప

మా నాన్న రోజూ పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటుంటే వచ్చి, బొటనవేలితో నా కింది కనురెప్ప లాగి చూసేవాడు. పాలిపోయిందా, ఎర్రగా ఉందా అని. ఏమీ అనేవాడు కాదు, చూసి వెళ్ళిపోయేవాడు. నాకు పదిహేడేళ్ళు వచ్చినా ఇదే. ఆ వేలు తగిలినప్పుడల్లా, ఇవాళ బతికే ఉన్నానా అని ఎవరో హాజరు వేసుకుంటున్నట్టుండేది.

వద్దంటే వినడు, పాపం ఆయన భయం ఆయనది. చివరికి ఒప్పందం చేసుకున్నాం. ఆదివారం ఒక్కరోజు చూడొచ్చు, మిగతా ఆరు రోజులు చూడకూడదు. మొదటి వారం బుధవారం నాడు చెయ్యి దాకా వచ్చి వెనక్కి తీసుకోవడం నేను చూశాను. మూడు నాలుగు నెలలకి ఆదివారం కూడా మర్చిపోవడం మొదలెట్టాడు. నేనే గుర్తుచేసేదాన్ని.

భయాన్ని మానెయ్యమంటే ఎవరూ మానెయ్యలేరు. దానికి ఒక రోజు, ఒక టైము ఇవ్వొచ్చు. ఇంట్లో ఎవరు ఏది తనిఖీ చేస్తున్నారో (మెడలో గడ్డలు తడమడం, అన్నం ఎన్ని ముద్దలు తిన్నాడో లెక్కపెట్టడం, నిద్రలో ఊపిరి చూడడం) ఒకసారి పైకి చెప్పుకుని, తగ్గించుకునే లెక్క వేసుకోండి.

దీనికి తోడు ఒక కాగితం కావాలి. వైద్యం నడిచేటప్పుడు జ్వరమంటే వెంటనే ఆసుపత్రికి పరుగు, అది నిజమే. ఆపేశాక ఒంట్లో జబ్బుల్ని తట్టుకునే శక్తి కొన్ని నెలల్లో మెల్లిగా తిరిగొస్తుంది. అప్పటినుంచి ఏ జ్వరానికి రావాలి, ఎన్ని రోజులు చూడాలి, ఎలాంటి మచ్చలకి ఫోన్ చెయ్యాలి అని మీ డాక్టరుని అడిగి, రాయించుకుని, బీరువా తలుపుకి అతికించండి. అర్ధరాత్రి పిల్లాడి మోకాలి మీద కమిలిన మచ్చ కనిపిస్తే కాగితం చూస్తారు. లేకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, మంచం మీద నుంచి వాడు మీ ఇద్దర్నీ చూస్తాడు.

జుట్టు, మొక్కు

ఇది కొంచెం పెద్దగా రాస్తాను. మన వైపు ప్రతి ఇంట్లో వచ్చే గొడవే కాబట్టి.

విశాఖ వెళ్ళేటప్పుడు రైల్లోంచి సింహాచలం కొండ వైపు చూసి అమ్మ దణ్ణం పెట్టేది. "పిల్ల బతికితే తలనీలాలిస్తాను సామీ" అని ఏనాడో మొక్కేసుకుంది. అప్పటికి నాకు తల మీద ఒక్క వెంట్రుక లేదు. లేని జుట్టు మీద మొక్కు.

మందులు ఆపాక జుట్టు వచ్చింది. ముందు పిల్లి బొచ్చులా, తర్వాత చెవులు దాటి. ఇదివరకు నిటారుగా ఉండే జుట్టు ఇప్పుడు కొంచెం రింగులుగా వచ్చింది. ఎనిమిదో తరగతిలో మొదటిసారి రెండు పిలకలు వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని బడికి వెళ్ళాను. ఆ నెలలోనే అమ్మ అంది, "వైశాఖంలో కొండకెళ్ళి మొక్కు తీర్చేద్దాం."

నేను అరిచిన అరుపుకి వీధిలోవాళ్ళు వచ్చారు. జబ్బులో ఎంత నొప్పి వచ్చినా అలా అరవలేదు. నెల రోజులు అమ్మతో మాట్లాడలేదు. అమ్మకేమో దేవుడికి కోపం వస్తే మళ్ళీ తిరగబెడుతుందని భయం. ఆ మాట పైకి అనలేదు, కానీ రోజూ దీపం దగ్గర ఎక్కువసేపు కూర్చునేది. అది చూసి నాకు భయం పట్టుకుంది. ఇస్తే జుట్టు పోతుంది, ఇవ్వకపోతే ప్రాణం పోతుందేమో. పద్నాలుగేళ్ళ పిల్ల ముందు పెట్టాల్సిన బేరం కాదు అది.

తెంచింది మామ్మ. "మొక్కుకున్నది నువ్వు. గుంట మొక్కుకోనేదు. నీ మొక్కు నీ నెత్తి మీదే తీర్చుకో" అంది అమ్మతో. అమ్మ మూడు రోజులు ఆలోచించి, కొండకెళ్ళి గుండు చేయించుకుని వచ్చింది. ముత్తయిదువ గుండేమిటని ఊళ్ళో నాలుగు రోజులు అన్నారు. ఆ సాయంత్రం అమ్మ నా పక్కన కూర్చుంటే, నేను తన గుండు మీద చెయ్యి పెట్టి చూశాను. "చలేస్తుందే" అంది. "తెలుసు" అన్నాను. జబ్బు గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అక్కణ్ణుంచి మొదలైంది.

రెండేళ్ళ తర్వాత నా అంతట నేనే వెళ్ళి మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చాను. ఎవరూ అడగలేదు.

మొక్కులు మానెయ్యమని నేను అనను. ఆ రోజుల్లో అమ్మని నిలబెట్టింది ఆ కొండే. ఇప్పటికే మొక్కేసుకుని ఉంటే, పిల్లాడి ఒంటి మీద కాకుండా మీ మీద తీర్చుకునే దారి చూడండి. ఒంటి మీదదే అయితే వాడు పెద్దయి సరే అనేదాకా ఆగండి. "మొక్కు తీర్చకపోతే తిరగబెడుతుంది" అన్న మాట మాత్రం ఎవరి నోటి నుంచీ వాడి చెవిన పడనివ్వకండి, ఆ అన్నవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే.

ఊరు, బడి

"పాపం" అన్న మాట నాకు సూది కన్నా గట్టిగా గుచ్చుకుంటుంది. (పైన నాన్న గురించి నేనే వాడాను, తెలుసు.) పెళ్ళిళ్ళలో మొహం పట్టుకుని "పాపం, ఎలా ఉండీది ఎలా అయిపోనాది" అనేవాళ్ళు. ఒక ఇంట్లో నాకు వేరే గ్లాసు పెట్టారు. అది అంటుకునే జబ్బు కాదని అమ్మ చెప్పలేక తల దించుకుంది. ఒక తాత "ఉద్దానం నీళ్ళు తాగినారేటి?" అని అడిగాడు. మా జిల్లాలో పెద్ద జబ్బు ఏది వచ్చినా ఉద్దానం వైపు వచ్చే కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది జనానికి. మా ఊరికీ ఉద్దానానికీ చాలా దూరం.

జవాబులు ఇంట్లోనే తయారు చేసుకోండి. రెండు చాలు. బయటివాళ్ళకి ఒకటి: "జబ్బు చేసింది, తగ్గింది, అది అంటుకోదు." స్నేహితులకి ఇంకొంచెం పొడుగుది, వాడికి నచ్చినట్టు. అద్దం ముందు నాలుగుసార్లు అనిపించండి. వాడు చెప్పలేకపోతే మీరు చెప్పాలి, వాడి ముందే, తల ఎత్తి.

బడికి పంపేముందు టీచరుని విడిగా కలవండి. నన్ను చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి, ఆటల పీరియడ్‌లో చెట్టు కింద బ్యాగులకి కాపలా పెట్టారు, జాగ్రత్త పేరుతో. డాక్టరు ఆడొద్దంటే తప్ప ఆడనివ్వమని అడగండి. వెన్నులో వేసే మందులు, తలకి రేడియేషన్ పడిన పిల్లల్లో కొందరికి లెక్కలు, జ్ఞాపకం, వేగం కొంత తగ్గుతాయి. అది బద్ధకం కాదని టీచరుకి ముందే తెలియాలి. వైద్యం ఇంకా నడుస్తున్నవాళ్ళకి ఇంకో మాట: స్టెరాయిడ్ మాత్రల వారాల్లో పిల్లలు విపరీతంగా తింటారు, ఏడుస్తారు, కొడతారు. అన్నంలో నెయ్యి వెయ్యలేదని నేను గిన్నె తమ్ముడి మీదకి విసిరాను. ఆ కోపంలో చాలా భాగం మందుదే. ఆ వారం గడిచాక "నువ్వు చెడ్డదానివి కాదు" అని చెప్పేవాళ్ళు ఒకరుండాలి.

తమ్ముడు అన్నాను కదా. ఆ రెండున్నరేళ్ళలో ఎక్కువగా వాణ్ణి అమ్మమ్మ ఇంట్లోనే ఉంచారు. నాకు ఆపిల్ పళ్ళు, వాడికి చోడంబలి. డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు చెప్పాడు, "నాకూ అలాంటి జబ్బు రావాలని రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణే" అని. మీకు ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే, వారంలో ఒక పూట ఆసుపత్రి మాట లేకుండా వాళ్ళతో ఒక్కళ్ళతోనే గడపండి.

పక్క మంచం

వార్డులో నా పక్క మంచం పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన అబ్బాయిది. తెలుగు, ఒరియా కలిపి మాట్లాడేవాడు. మేమిద్దరం సెలైను చుక్కలు లెక్కపెట్టి ఎవరిది ముందు అయిపోతుందో పందెం వేసుకునేవాళ్ళం. ఒకసారి వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే పిల్ల ఉంది. "ఇంటికెల్లిపోనాడు" అంది అమ్మ. రెండేళ్ళు నేను వాడు పర్లాకిమిడిలో క్రికెట్ ఆడుకుంటున్నాడనుకున్నాను. మాట్లాడకుండా వెళ్ళిపోయాడని కోపం కూడా పెట్టుకున్నాను. నిజం వేరేవాళ్ళ నోట విన్న రోజున, అమ్మ ఇంకేమేం అబద్ధాలు చెప్పి ఉంటుందో అని నా రిపోర్టులన్నీ మళ్ళీ చదివాను.

చెప్పండి. "చనిపోయాడు" అనే మాటే వాడండి. ఇంటికెళ్ళాడు, నిద్రపోయాడు అనకండి, ఆ తర్వాత ఇంటికెళ్ళాలన్నా, నిద్రపోవాలన్నా పిల్లలు భయపడతారు. వెంటనే రెండు సంగతులు కలపండి: అతనికి అయిందని నీకూ అవ్వాలని లేదు. అలా ఎందుకయిందో నాకూ తెలీదు.

ఆ తర్వాత ఒక ప్రశ్న వస్తుంది, బహుశా పైకి రాదు. వాడికి తగ్గలేదు, నాకెందుకు తగ్గింది? నేను దీనికి జవాబు వెతకడం మానేశాను. "దేవుడు నీతో ఏదో పని చేయించుకోవాలని ఉంచాడు" అని చెప్పినవాళ్ళ మీద నాకు కోపమే వచ్చింది. వాడితో ఏ పనీ లేదా మరి? జవాబు కన్నా చెయ్యడానికి ఏదైనా పని దొరికితే నయం. పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున అమ్మతో నాగావళికి వెళ్ళి అరటి దొప్పలో దీపాలు వదులుతాను. వాడి పేరున ఒకటి ఎక్కువ. మీ అబ్బాయికి అలాంటి స్నేహితుడు ఉంటే ఏం చేద్దామో వాణ్ణే అడగండి. బొమ్మ గీస్తానంటాడేమో, వాళ్ళమ్మకి ఫోన్ చేద్దామంటాడేమో.

ఇంట్లో సరిపోనప్పుడు

2017లో, ల్యాబ్ కోర్సు చదువుతూ శ్రీకాకుళం హాస్టల్లో ఉండగా, కాలి మీద ఒక కమిలిన మచ్చ చూసుకున్నాను. అంతే, ఊపిరి ఆడలేదు. చేతులు కొంకర్లు పోయాయి. అది తిరిగొచ్చింది, ఇవాళే పోతాననుకున్నాను. హాస్టల్ పిల్లలు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తం శుభ్రంగా ఉంది. మంచానికి తగిలిన దెబ్బ అది. అక్కడి డాక్టరు మానసిక విభాగానికి చీటీ రాస్తే అమ్మ హడలిపోయింది, "వాల్తేరు పంపించేస్తారేటి?" అని. మా వైపు వాల్తేరు అంటే పిచ్చాసుపత్రి. అలాంటిదేమీ లేదు. ఏడెనిమిదిసార్లు వెళ్ళాను. జరిగిందంతా మొదట్నుంచి వరసగా చెప్పించారు. తప్పించుకు తిరుగుతున్న వాటి దగ్గరికి కొంచెం కొంచెంగా వెళ్ళమన్నారు. నాలుగంకెలు ఊపిరి తీసి, ఆరంకెలు వదలడం నేర్పారు. కొత్తవలస కథ అక్కడే మొదటిసారి నవ్వుతూ చెప్పాను.

వైద్యం అయిన చాలా ఏళ్ళకి కూడా ఇలా రావొచ్చు. నెల దాటినా నిద్ర పట్టకపోవడం, పీడకలలు, బడికి వెళ్ళనని మొండికెయ్యడం, ఆసుపత్రి మాటెత్తితే గది వదిలి పోవడం, ఇష్టమైన ఆట కూడా ముట్టకపోవడం ఉంటే ఆలస్యం చెయ్యకండి. "నేను లేకపోతే మీకు బాగుండేది" లాంటి మాట వస్తే ఆ రోజే కదలండి. ఖర్చు చూసి పిల్లలు ఈ మాట నిజంగానే అంటారు. 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది టెలీ మానస్, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ లైను. డబ్బులక్కర్లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీరు చేసుకోవచ్చు, పిల్లాడే కావాలన్న పనిలేదు. అమ్మానాన్నలకి ఈ దెబ్బ పిల్లలకన్నా గట్టిగా తగలడం మామూలే.

పెద్దయ్యాక పనికొచ్చే ఫైలు

ఇది తొందరగా చెప్పేస్తాను. ఏ మందులు ఎంత మోతాదులో ఇచ్చారు, రేడియేషన్ ఉందా, ఎప్పుడు ఆపారు అన్నది ఒక పేజీ మీద రాసివ్వమని డాక్టరుని అడిగి, మూడు జెరాక్సులు తీసి, ఫోన్‌లో ఫొటో కూడా పెట్టండి. మేం ఎర్ర సెలైను అనే మందు పడినవాళ్ళు గుండెకి ఎకో ఎన్నేళ్ళకోసారి తీయించుకోవాలో ఆ పేజీ చూసే చెబుతారు. పదహారు పదిహేడేళ్ళు రాగానే ఆ ఫైలు పిల్లాడి చేతికే ఇవ్వండి. నాది ఇప్పుడు నా దగ్గరే ఉంది. పెళ్ళి చూపులకి ముందే చూపిస్తాను. దాచమని మావయ్యలు చెప్పారు, ఒక సంబంధం అలా తప్పిపోయింది కూడా. పోతే పోయింది. ఒకే గదిలో కూర్చుని ఒకరికొకరు దాచుకోవడం ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను.

ఆ రోజు ల్యాబ్‌లో ఆ బాబు ఎడం చెయ్యి ఇచ్చాడు. చూస్తానన్నాడు. చూశాడు. సీసా నిండాక నన్ను అడిగాడు, "మీకూ ఇలాగే తీసీవోరా?" అని. అవునన్నాను. "ఎన్నిసార్లు?" లెక్క తెలీదన్నాను. "నాకు నూట పన్నెండు" అన్నాడు. వాళ్ళమ్మ వాడి వైపు చూసింది, వాడు లెక్కపెడుతున్నాడని ఆవిడకి తెలీదు.

వచ్చే నెల వాళ్ళు విశాఖ వెళ్ళాలి. వాడికి స్టేషన్ల పేర్లు కాగితం మీద రాసిచ్చాను, వెనక నుంచి. నిమ్మకాయ మర్చిపోకండక్కా, విజయనగరంలో దొరుకుతుందిలే అనుకోకండి. ఇంటి దగ్గరే కొని పట్టుకెళ్ళండి.